ఒకే పేరు గల జీపులు, వేరువేరు ఇంజనులు

(మన పాఠశాల వార్షికోత్సవమున, తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుడు లేచి నిలుచున్నచో విద్యా ప్రాశస్త్యమును గూర్చియో, మాతృభాషను గూర్చియో మాటలాడునని మీరు ఎదురుచూచుట సహజము. ఆ రెండింటిని గూర్చి మా నివేదికలో వ్రాసియే యున్నాము. నేడు నేను జీపు ఇంజనును గూర్చి మాటలాడదలచితిని. నవ్వెడివారు నవ్వవచ్చును. కాని గత కొన్ని సంవత్సరములుగా మీలో పలువురు నా గదికి వచ్చి బల్లపై పెట్టుచున్న కాగితములలో, పిల్లల మార్కుల పట్టికల కంటె బండ్ల ఆర్.సి.లే ఎక్కువగా ఉన్నవి. అవి ఇంగ్లీషుననో కన్నడముననో ఉండును. "అయ్యవారూ, ఇందులో ఏమి రాసినారో కొంచెం చదివి చెప్పండి" అని అడుగుదురు. చదివి చెప్పుదును. అయితే అప్పటికే బేరము ముగిసి, డబ్బు చేతులు మారి యుండును. బేరమునకు ముందే తెలియవలసిన సంగతులను సభలో ఒక్కసారి అందరికిని చెప్పుట మంచిదని తోచినది.

మన హగరి నల్లరేగడి సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. 1906లో ఇచ్చట వ్యవసాయ పరిశోధన క్షేత్రమును నెలకొల్పినది ఈ నేలకొరకే. ఒక్క పెద్దవాన కురిసినచో ప్రత్తి చేల నడుమ దారులు జిగురుముద్దలగును. నాలుగు చక్రములును లాగెడి బండి తప్ప మరొకటి కదలదు. అందుచేతనే ఇప్పుడు బొలెరోలును ట్రాక్టర్లును ఎంత పెరిగినను, పాత మహీంద్రా జీపును విడువలేనివారు మన చుట్టుప్రక్కల గ్రామములలో ఇంకను కొందరున్నారు. ఆ జీపుల ఇంజనులు అరిగినవి. క్రొత్త ఇంజనులు దొరకవు. గుజరీ అంగళ్ళలో మరొక సంవత్సరపు జీపుది ఏదో ఒకటి దొరకును. "అదీ జీపే, ఇదీ జీపే, కూర్చోబెడితే సరిపోతుంది" అని అమ్మువాడు చెప్పును. ఈ ఒక్క వాక్యమును నమ్మియే మనవారు మోసపోవుచున్నారు.

నేను చెప్పదలచినది ఇది. పేరు ఒక్కటే యైనను, తయారైన సంవత్సరములు వేరైనచో ఒక బండి ఇంజను మరొక బండికి దానంతట అది సరిపోదు. సరిపోవునట్లు చేయవచ్చును. కాని చేయుటకు ముందు కొలవవలెను. చేసిన పిదప ప్రభుత్వ పుస్తకములో వ్రాయించవలెను. ఈ రెండింటిలో ఏది తప్పినను నష్టము మనదే.

జీపు కథనే తీసికొందము. రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా సైన్యము కొరకు విల్లీస్ ఓవర్‌లాండ్ అను సంస్థ ఒహాయో రాష్ట్రమందలి టొలీడో నగరమున జీపులను తయారుచేసినది. దాని ఇంజనును తీర్చిదిద్దినవాడు బార్నీ రూస్ అను ఇంజనీరు. ఆ సంస్థ వద్ద 48 అశ్వశక్తుల పాత ఇంజను ఒకటి యుండగా, ఆయన దానినే బాగుపరచి 60 అశ్వశక్తులకు తెచ్చెను. క్రొత్తది తయారుచేయుట కంటె ఉన్నదానిని బాగుచేయుట ఒక్కొక్కప్పుడు గొప్ప పని. యుద్ధము ముగిసిన పిదప మన దేశమున మహీంద్రా వారు ఈ జీపులను విడిభాగములుగా తెప్పించి బొంబాయిలో బిగించి అమ్మసాగిరి. 1945లో స్థాపింపబడినప్పుడు ఆ సంస్థ పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. భాగస్వామియైన గులాం మహమ్మద్ గారు దేశ విభజన తరువాత పాకిస్తాన్ ప్రథమ ఆర్థికమంత్రియైనందున 1948లో పేరు మార్చిరి.

ఇక 1953లో విల్లీస్ వారు సి.జె.-3బి అను జీపును తెచ్చిరి. దీనినే మహీంద్రా వారు మన దేశమున చిరకాలము తయారుచేసిరి. మనము చిన్ననాటి నుండి చూచిన ఎత్తుముక్కు జీపు ఇదియే. దాని ముక్కు ఎందులకు ఎత్తైనదో ఎప్పుడైన ఆలోచించితిరా? దీనిలోని ఇంజనునకును, యుద్ధకాలపు జీపు ఇంజనునకును సిలిండరు కొలతలు ఒక్కటే. అడ్డుకొలత 3 అంగుళముల 1/8. పిస్టను నడక 4 అంగుళముల 3/8. సిలిండర్లు రెండింట నాలుగేసి. ఈ కొలతలనుబట్టి ఘనపరిమాణమును కట్టుట మన తొమ్మిదవ తరగతి పిల్లలకు కష్టము కాదు: రెండింటికిని సుమారు 134 ఘనపుటంగుళములు, అనగా 2200 ఘన సెంటీమీటర్లు వచ్చును. కొలతలు ఇట్లు కలిసినందుననే "రెండూ ఒకటే" అని మేస్త్రీలు కొందరు చెప్పుదురు.

కాని పాత ఇంజనులో గాలిని లోనికి తీసికొను వాల్వును, పొగను బయటికి పంపు వాల్వును రెండును సిలిండరు ప్రక్కనే యుండును. క్రొత్తదానిలో పొగ వాల్వు ప్రక్కననే యుండగా, గాలి వాల్వును తలపైకి తెచ్చిరి. ఊపిరి ధారాళమైనది, శక్తి 70 అశ్వశక్తులు దాటినది. దానితోపాటు ఇంజను ఎత్తును పెరిగినది. పాత బానెట్టు క్రింద అది పట్టనందున ముందుభాగమునంతను ఎత్తుచేయవలసి వచ్చినది. అందుచేతనే ఆ ముక్కు. ఇప్పుడు ఎవరైనను 1953 తరువాతి ఇంజనును తీసికొనివచ్చి యుద్ధకాలపు పొట్టి జీపులో దింపినచో క్రింద బోల్టులన్నియు దాదాపు సరిపోవును. బానెట్టు మాత్రము మూతపడదు. ఒకమారు బళ్ళారిలో అట్టి జీపును చూచితిని. బానెట్టున చదరముగా రంధ్రము కోసి, దానిపై రేకు బోకె బోర్లించి రివెట్లు కొట్టినారు. బండి నడచుచునే యున్నది. యజమాని దానిని గర్వముగా చూపెను. నేనేమియు అనలేదు; ఆ బోకె వంట గదిలో ఉండవలసినదని మాత్రము మనస్సున అనుకొంటిని.

బానెట్టు తేడా కంటికి కనబడును. కనబడని తేడాలు ఇంకను ప్రమాదకరములు. ఒకటి చెప్పెదను. ఇంజనులో వాల్వులను తెరచి మూయుటకు క్యాంషాఫ్టు అను ఇరుసు గలదు. యుద్ధకాలపు ఇంజనులో దీనిని త్రిప్పుటకు గొలుసు ఉండెడిది. యుద్ధము తరువాత కొలది కాలములోనే గొలుసును తీసివేసి పళ్ళచక్రములను పెట్టిరి. ఇందులో ఏమి భేదమందురేమో. సైకిలును చూడుడు. పెడలు చక్రము ఎటు తిరిగిన గొలుసు వలన వెనుక చక్రమును అటే తిరుగును. ఇప్పుడు చెరకు రసము తీయు యంత్రమును చూడుడు. ఒకదానికొకటి ఆని తిరుగు రెండు రోలర్లలో ఒకటి కుడికి తిరిగినచో రెండవది ఎడమకు తిరుగును. కావున గొలుసు ఇంజనులో క్యాంషాఫ్టు ఒక దిక్కునకును, పళ్ళచక్రముల ఇంజనులో ఎదురు దిక్కునకును తిరుగును. నూనెను అన్ని భాగములకు పంపు ఆయిల్ పంపు ఈ ఇరుసు మీద ఆధారపడి నడచును. అందుచే ఒక ఇంజను ఆయిల్ పంపు మరొక ఇంజనుకు పనికిరాదు. బయటినుండి చూచినచో రెండు పంపులును అన్నదమ్ముల వలె నుండును. ఒకదాని బదులు మరొకటి పెట్టి బండిని నడపినచో బేరింగులకు నూనె అందక కాలిపోవును. పెట్టినవాడు "ఇంజనే మంచిది కాదు" అని చెప్పి తప్పించుకొనును.

స్టార్టరు సంగతియు ఇట్లే. ఇంజను వెనుకనున్న ఫ్లైవీలు చుట్టు పళ్ళుండును. స్టార్టరు మోటారు పళ్ళు వీనితో కలిసి ఇంజనును మొదట త్రిప్పును. యుద్ధకాలపు జీపు ఫ్లైవీలుకు 97 పళ్ళు. తరువాతివానిలో 129 పళ్ళు గలవియు వచ్చినవి. పాతవి ఆరు వోల్టుల బ్యాటరీతో పనిచేసినవి; తరువాత పన్నెండు వోల్టులు వచ్చెను. ఇంజను ఒక సంవత్సరముది, స్టార్టరు మరొక సంవత్సరముది అయినచో పళ్ళు కలియక అరిగి ఇనుపరజనగును. ఇంజనును దింపకముందే పళ్ళను లెక్కపెట్టినచో పోవునది పది నిమిషముల కాలము.

ఇక లాగుడు. ఇంజను మార్చిన పిదప "క్రొత్త జీపంత లాగుట లేదు" అను ఫిర్యాదు వినుచుందుము. దీనికి చాలమారులు ఇంజను కారణము కాదు. యుద్ధకాలపు జీపు ఇరుసులలోని పళ్ళ నిష్పత్తి 4.88. అనగా చక్రము ఒక్క చుట్టు తిరుగుటకు దానికి ముందున్న షాఫ్టు 4.88 చుట్లు తిరుగవలెను. తరువాతి సివిల్ జీపులలో ఇది 5.38. చక్రములు సమానమైనచో రెండవదాని పట్టు మొదటిదానికంటె సుమారు నూటికి పదివంతులు ఎక్కువ. క్రొత్త ఇంజను తెచ్చి పాత ఇరుసులపై కూర్చుండబెట్టినప్పుడు ఈ పదివంతులు రావు. గేరుపెట్టెయు అట్లే: యుద్ధకాలపుది టి-84, తరువాతిది టి-90. రెండవది దృఢమైనది. హెచ్చు శక్తి గల ఇంజనును బలహీనమైన గేరుపెట్టెకు తగిలించినచో ముందుగా విరుగునది గేరుపెట్టెయే. ఈ నిష్పత్తి లెక్కను మొన్న మన తొమ్మిదవ తరగతిలో పెట్టితిని. పాఠ్యపుస్తకములో నీటితొట్టి నిండు లెక్కకు నిద్రపోవు పిల్లలు దీనికి మేలుకొనిరి. ఒక బాలుడు లేచి, "సార్, మా నాన్న జీపుకు ముందు ఇరుసు ఒకటి, వెనుక ఇరుసు ఒకటి వేసినారు. ఏమవుతుంది?" అని అడిగెను. నాలుగు చక్రములును కలిపి నడిపినప్పుడు ముందువి ఒక వేగమున, వెనుకవి మరొక వేగమున తిరుగవలెనని పెనుగులాడి ఏదో ఒకటి తెగును. ఆ బాలునికి అదే చెప్పితిని. తండ్రిగారు ఈ సభలోనే యున్నారు, పేరు చెప్పను.

అంబాసిడరు కార్లలోను ఇదే కథ. 2014లో ఉత్తర్‌పారా కర్మాగారమున దాని తయారీ ఆగిపోవువరకు రూపము పెద్దగా మారలేదు. అందుచే అన్ని సంవత్సరముల అంబాసిడర్లును ఒక్కటేయని జనుల నమ్మకము. కాని లోపల 1489 ఘన సెంటీమీటర్ల ఇంజనుతో నడచినది ఒకటి. 1990 తరువాతి దశకమున 1817 ఘన సెంటీమీటర్ల ఇసుజు ఇంజనుతో వచ్చినది మరొకటి. రెండవదానికి అయిదు గేర్లు. గేరు కొయ్య స్టీరింగు ప్రక్కనుండి క్రిందికి దిగినది. పాత కారులో ఆ ఇంజను పెట్టదలచినవాడు గేరుపెట్టెను, దాని అమరికను, ప్రొపెల్లరు షాఫ్టును గూడ చూచుకొనవలెను. ఇంజనుకు మాత్రమే బేరమాడి వచ్చినవాడు మూడు మారులు గుజరీకి తిరుగును.

నాకు ఇన్నింటికంటె హెచ్చు భయము బ్రేకులను గూర్చి. పాత జీపుకు 9 అంగుళముల డ్రమ్ము బ్రేకులు. ఆనాటి ఇంజను శక్తికి, ఆనాటి వేగమునకు, ఆనాటి బరువునకు తగినట్లు పెట్టినవి. పెట్రోలు ఇంజనును తీసి డీజిలు ఇంజనును దింపినచో ముందుభాగమున బరువు పెరుగును, స్ప్రింగులు క్రుంగును, స్టీరింగు బరువెక్కును. బ్రేకులు మాత్రము పాతవే. ఇట్టి బండ్లలో ప్రత్తి తీయు కూలీలను, ఉదయము పూట మన బడిపిల్లలను గూడ ఎక్కించుచున్నారు. ఎందరిని ఎక్కించుచున్నారో నేను గేటువద్ద నిలుచుండి లెక్కపెట్టిన దినములున్నవి. ఇంజను మార్చిన బండిలో పిల్లలను పంపువారు డ్రైవరును ఒక్క ప్రశ్న అడుగుడు: "ఇంజను మార్చినప్పుడు బ్రేకులకు ఏమి చేసినావప్పా?" అతడు నవ్వి ఊరకున్నచో పిల్లలను నడిపించి పంపుడు.

క్రొత్త బండ్లలో ఈ చిక్కులు లేవనుకొనకుడు. పొగను గూర్చిన ప్రభుత్వ నియమములు మారినవి. బి.ఎస్.-4 నియమములు 2017 ఏప్రిల్ 1 నుండి, బి.ఎస్.-6 నియమములు 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటను అమలైనవి. ఒకే పేరుగల బండియైనను ఈ తేదీలకు ముందరి ఇంజను వేరు, తరువాతి ఇంజను వేరు. ఇప్పటి ఇంజనును నడుపునది ఒక చిన్న కంప్యూటరు. తనతో వచ్చిన సెన్సరులు, తీగలు లేక అది పనిచేయదు. 2016 నాటి ఇంజనును 2021 నాటి బండిలో పెట్టుట సుత్తితోను వెల్డింగుతోను తీరు పని కాదు; చట్టమునకును సరిపడదు.

చట్టము మాట వచ్చినది గనుక కాగితముల సంగతి చెప్పెదను. మీలో కొందరికి నేరుగా తగులునది ఇదియే.

ప్రతి బండికిని రెండు సంఖ్యలుండును: చాసీ సంఖ్య, ఇంజను సంఖ్య. రెండును ఆర్.సి.లో వ్రాయబడి యుండును. ఇంజను మారినచో రెండవ సంఖ్య అబద్ధమగును. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 52వ సెక్షను ఇందుకొరకే యున్నది. ఆర్.సి.లోని వివరములు తయారీదారు మొదట నిర్దేశించినవానికి భిన్నమగునట్లు యజమాని బండిని మార్చరాదు. అనుమతితో ఇంజను మార్చినచో, మార్చిన 14 దినములలోగా రిజిస్టరు చేయు అధికారికి తెలిపి, ఆర్.సి.ని ఇచ్చి, రుసుము చెల్లించి క్రొత్త సంఖ్యను వ్రాయించుకొనవలెను. 2019 జనవరిలో సుప్రీంకోర్టువారు తయారీదారు నిర్దేశించిన వివరములకు విరుద్ధముగా బండిని మార్చుట కూడదని తీర్పునిచ్చి, ఈ సెక్షనును గట్టిగా నిలిపిరి. కావున అదే తయారీ, అదే తరగతి ఇంజనుకును, పెట్రోలు తీసి డీజిలు పెట్టుటకును ఆఫీసులో ఒకే సమాధానము రాదు. అడిగి తెలిసికొనియే డబ్బు ఖర్చుపెట్టుడు.

మనది సరిహద్దు ప్రాంతమగుటచే మరొక ముడియు గలదు. 1953 అక్టోబరు 1న పాత బళ్ళారి జిల్లా విడిపోయి ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు పోగా, మనము మైసూరు వైపున ఉండిపోతిమి. చుట్టరికములు, సంతలు, బేరములు మాత్రము విడిపోలేదు. గుంతకల్లునుండి ఇంజను వచ్చును. ఆదవాని నుండి బండి వచ్చును. ఆ బండి కర్ణాటకమున పన్నెండు నెలలకు మించి నిలిచినచో ఇచ్చటి కొత్త నంబరును తీసికొనవలెను. అప్పుడు బళ్ళారి ఆఫీసులో ఇంజను సంఖ్యను చూతురు. పదునైదు సంవత్సరములు నిండి రిజిస్ట్రేషను పునరుద్ధరణకు పోయినప్పుడును చూతురు. ఆంధ్రలో ఎప్పుడో జరిగిన మార్పు ఇచ్చట బయటపడును. దానికి జవాబు చెప్పవలసినవాడు నేటి యజమాని.

మన పాఠశాల కుటుంబములలోనే ఒకరికి జరిగినది చెప్పెదను. వారి అనుమతితోనే చెప్పుచున్నాను. ఇంటి పెద్ద ఒక పాత జీపు కొనెను. దానిలోని ఇంజను మరొక జీపుది. అమ్మినవాడు చెప్పలేదు, కొన్నవాడు ఆర్.సి. సంఖ్యను ఇంజనుపై సంఖ్యతో పోల్చి చూడలేదు. దారిలో తనిఖీ జరిగినప్పుడు రెండును కలియలేదు. ఆ ఇంజను వచ్చిన బండిపై దొంగతనపు ఫిర్యాదు ఉన్నదని తేలెను. జీపును స్టేషను ఆవరణలో నిలిపిరి. ఆయన దొంగ కాడని అందరికిని తెలియును. పోలీసువారికిని తెలిసినట్లే యున్నది. అయినను కోర్టు ఉత్తరువు వచ్చుటకు ఏడు నెలలు పట్టెను. ఆ ఏడు నెలలలో ప్రత్తి కాలము పోయినది. జీపుకొరకు తెచ్చిన అప్పునకు వడ్డీ ఆగలేదు. ఇంటి పెద్దకుమార్తె మన బడిలో పదవ తరగతి. ఆ సంక్రాంతి తరువాత ఆమె బడికి రాలేదు. మిరప కోతలకు పోవుచున్నదని విని ఇంటికి పోయితిమి. మా ఉపాధ్యాయినులు ఇద్దరు సాయంకాలములలో ఆమెకు పాఠములు చెప్పిరి. పరీక్ష వ్రాసినది, ఉత్తీర్ణురాలైనది. కాని లెక్కలలో ఆమెకు రావలసిన మార్కులు రాలేదు. అయిదారు అంకెలను పోల్చి చూడనందున జరిగినది ఇంత.

ఇంకొక మాట. మన బడి విడిచిన బాలురు కొందరు బళ్ళారి షెడ్లలో పనికి కుదురుచున్నారు. అందు సిగ్గుపడవలసినదేమియు లేదు. అక్కడ బోల్టు పేరు ఇంగ్లీషు, తిట్టు కన్నడము, లెక్క ఉర్దూ, పాట తెలుగు. నాలుగును వారికి వచ్చును. రానిది కొలత. వెర్నియరు కాలిపరును చదువలేరు. అంగుళమును మిల్లీమీటర్లలోనికి మార్చలేరు. "కంటికి సరిపోయింది" అని బిగింతురు. పాత జీపు అంగుళములలో తయారైనది. ఇప్పటి బండ్లు మిల్లీమీటర్లలో తయారగుచున్నవి. ఒక తండ్రి, "షెడ్డులో చేరేవానికి పదవ తరగతి లెక్కలెందుకు అయ్యవారూ?" అని నన్నడిగెను. అరిగిన సిలిండరును ఎంత కోయవలెనో, ఏ కొలత పిస్టను తేవలెనో తేల్చునది ఆ లెక్కయే. అది రానివాడు ఇరువది సంవత్సరములు స్పానరు అందించుచునే యుండును. కన్నడమును గూడ చదువను వ్రాయను బాగుగా నేర్వవలెను. మనము బ్రతుకుచున్న రాష్ట్రపు ఆఫీసులలో కాగితములు ఆ భాషలో నడచును. తెలుగు బడి ప్రధానోపాధ్యాయుడు ఇట్లనుట కొందరికి రుచించకపోవచ్చును, అయినను చెప్పుచున్నాను.

ఈ సంవత్సరము మన ప్రయోగశాలకు రెండు వెర్నియరు కాలిపరులు కొన్నాము. ప్రతి శనివారము బడి విడిచిన పిదప ఒక గంటసేపు నేనును, కన్నడ ఉపాధ్యాయులును కార్యాలయములో కూర్చుండెదము. బండి కొనదలచినవారు, ఇంజను మార్చదలచినవారు డబ్బు ఇచ్చుటకు ముందు ఆర్.సి.ని తీసికొని రావచ్చును. పాత జీపులలో ఇంజను సంఖ్య ముందువైపున, నీటిపంపు దగ్గర సిలిండరు బ్లాకు మీద చెక్కబడి యుండును. నూనె జిడ్డును కిరోసిను గుడ్డతో తుడిచి, దానిపై పలుచని కాగితమునుంచి పెన్సిలుతో రుద్దినచో అంకెలు తేలును. ఆ కాగితమును గూడ తెండు. చేతితో చూచి వ్రాసికొని వచ్చినది వలదు. 3కు 8కి, 1కి 7కు పొరపాటు పడుదురు.